వాక్యనిష్ఠ, లోకాచారం: తిరువూరు సీమలో, తెలుగునాట క్రైస్తవ సంఘాల అనుభవం

బైబిలును నమ్మకానికీ నడవడికీ తుది ప్రమాణంగా పట్టుకుని ఉండడాన్ని క్రైస్తవులు వాక్యనిష్ఠ అంటారు. చుట్టూ ఆచారం, చట్టం, జీవనోపాధి, భాష మారుతున్నప్పుడు ఆ ప్రమాణం దేన్ని వదలమంటుంది, దేన్ని ఉంచుకోనిస్తుంది అన్న ప్రశ్న ఆ మతమంత పాతది. తొలి సంఘం యెరూషలేములో సున్నతి గురించి వాదించుకుంది. కొరింథులో విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చా అని తర్జనభర్జన పడింది. తెలుగు పల్లెల్లో ఇదే ప్రశ్న డప్పు, ఆదివారం కూలి, చచ్చిన గొడ్డు మాంసం, తాళి, బొట్టు, ప్రసాదం, కులధ్రువపత్రం రూపాల్లో వచ్చింది.

ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ అంచున ఉన్న తిరువూరు ఈ చరిత్రకు కూడలి లాంటి చోట ఉంది. 2022 ఏప్రిల్ దాకా ఇది కృష్ణా జిల్లాలో భాగం. డెల్టా కాలువలకు ఎగువన ఉన్న మెట్ట నేల. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. దగ్గర్లో నెమలి వేణుగోపాలస్వామి గుడి, మరోవైపు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్లు. దక్షిణాన తెలుగు ఆంగ్లికన్ మిషన్ మొదలైన బందరు (మచిలీపట్నం), ఉత్తరాన ఆ మిషన్ తర్వాత అడుగుపెట్టిన ఖమ్మం, అక్కడికి పైన భారతీయులే నడిపిన దోర్నకల్. శాసనసభ నియోజకవర్గంగా తిరువూరు షెడ్యూల్డు కులాలకు రిజర్వయిన స్థానం. ఈ చివరి మాట పైకి ఎన్నికల సమాచారంలా కనిపించినా, ఈ వ్యాస విషయానికి మిగతా వాటికన్నా దగ్గరిది. తెలుగు క్రైస్తవులు వాక్యానికి ఎంతవరకు కట్టుబడ్డారన్నది అన్నిటికన్నా ఎక్కువగా కులం ఎదుటే తేలింది గనుక.

గ్రంథం చేరిన దారి

తెలుగులో బైబిలు అనువాదం సంఘాల కంటే ముందే మొదలైంది. జర్మన్ లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో 1732 నాటికి అనువాదం ముగించాడు గాని అది అచ్చుకు నోచుకోలేదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌లు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలిగించారు. ఆ పనిలోంచి వచ్చిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. 1818కల్లా కొత్త నిబంధన అంతా అచ్చులో దొరికింది.

అయితే పల్లెల్లో గ్రంథం కంటికి చేరడానికి చాలా ముందే చెవికి చేరింది. చదువు దూరం పెట్టిన కులాల మధ్య ఉపదేశి చదివితే విని, కంఠస్థం చేసి, పాటగా పాడుకున్నారు. దైవవాక్యాన్ని వినడం ఒకప్పుడు తమకు నిషిద్ధమన్న సంగతి ఎరిగిన మనుషులు పదాజ్ఞలను, ప్రభువు ప్రార్థనను నోటికి పట్టుకున్నారు. వాక్యాన్ని ఒక్క అక్షరం జారకుండా కాపాడుకోవాలన్న పట్టుదల తెలుగు సంఘాల్లో ఇంత గట్టిగా ఉండడానికి మూలం ఇక్కడ ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎన్నో తరాలు అందకుండా దాచిన వస్తువు చేతికొస్తే ఎవరు మాత్రం తేలిగ్గా వదులుతారు?

కృష్ణా సీమలో తొలి అడుగులు

ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి ప్రకటించే పని ఎత్తుకున్నాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. అగ్రకులాల పిల్లలకు మంచి చదువు చెబితే వారి ద్వారా సమాజమంతా మారుతుందని నోబుల్ నమ్మకం. అందుకోసం అంటరాని కులాల పిల్లలను బడిలో చేర్చుకోలేదు. ఆ బడిలోంచి కొందరు యువకులు క్రైస్తవులయ్యారు. వారిలో మంచాల రత్నం, ఐనాల భూషణం తర్వాత గురువులుగా అభిషేకం పొందారు. వాళ్లు ఇల్లూ వాకిలీ, కన్నవాళ్లనూ పోగొట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్ల త్యాగం తక్కువది కాదు. కానీ బడి గుమ్మం దగ్గర కులానికి ఇచ్చిన ఆ రాయితీ వాక్యానుసారమా అన్న ప్రశ్న మిషన్‌ను వదల్లేదు.

జవాబు నోబుల్ ఎదురుచూడని దిక్కునుంచి వచ్చింది. రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. విగ్రహాలు దేవుళ్లు కావని తెల్లవారు చెబుతున్నారని మిత్రుడొకరి ద్వారా విన్నాడు. అసలు దేవుడెవరో తనకు కనబరచమని పేరు తెలియని ఆ దేవుణ్ణి కొన్నేళ్లపాటు ప్రార్థించాడు. 1859లో కృష్ణా స్నానాల పండగకు బెజవాడ వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ థామస్ యంగ్ డార్లింగ్‌ను కలిశాడు. ఆ ఏడే వెంకయ్య, అతని ఇంటివారు, ఊరివారు కొందరు బాప్తిస్మం పొందారు. అక్కడి నుంచి మాలపల్లెల్లోకి విశ్వాసం ఒకరి నోట ఒకరికి పాకింది. రాఘవాపురం తర్వాత మిషన్ కేంద్రమైంది. వెంకయ్యను ఎవరూ వెతుక్కుంటూ వెళ్లలేదు. అతనే వెతుక్కుంటూ వచ్చాడు. కృష్ణా జిల్లా క్రైస్తవ చరిత్రను దొరల పేర్లతో మొదలుపెట్టే పుస్తకాలు ఈ సంగతిని ఒక పేరాలో దాటేయడం బాధాకరం.

ఒంగోలు: మూడు నియమాలు, ఒక అధ్యాయం

కృష్ణకు దక్షిణాన ఒంగోలులో జరిగింది ఈ అంశానికి ఆయువుపట్టు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కుదురుకున్నాడు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆ ఏడే బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, అంతకుముందే రాజయోగ సాధన చేసినవాడు. ఆయన వెంట మాదిగలు రావడం మొదలైంది. అప్పటికే క్లౌ దగ్గరకు బ్రాహ్మణులు, ఇతర అగ్రకులాలవారు వస్తూ, పిల్లల్ని బడికి పంపుతూ ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని వాళ్లు కచ్చితంగా చెప్పారు.

అప్పటి సంగతిని క్లౌ దంపతులు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఏం చేయాలో తోచక ఆయన తన గదిలో కొత్త నిబంధన తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం కంటపడింది. దేవుడు జ్ఞానులను, బలవంతులను, గొప్ప వంశాలవారిని కాక లోకం నీచంగా చూసేవారిని ఎన్నుకున్నాడని పౌలు రాసిన చోటది. అదే సమయంలో వేరే గదిలో ఆయన భార్య కూడా అదే భాగం తెరిచింది. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నాక నిర్ణయం అయిపోయింది. అగ్రకులాల పిల్లలు వెళ్లిపోయారు. బడి ఖాళీ అయింది.

ఇందులో అద్భుతం ఎంత ఉందో పాఠకులు తేల్చుకోవచ్చు. చరిత్రకారుడు గమనించవలసింది ఇంకొకటి ఉంది. గ్రంథంలోని ఒక అధ్యాయం మిషన్ పథకాన్ని తలకిందులు చేసింది. పలుకుబడి ఉన్నవారి ద్వారా కిందికి అన్న పథకం అప్పటి మిషన్లకు లోకజ్ఞానం, పేరున్న ప్రణాళిక. ఒంగోలులో దాన్ని వాక్యం ఎదుట పెట్టి, నష్టానికి సిద్ధపడి వదిలేశారు.

చేరినవారికి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి సాదా నియమాల్లా ఉంటాయి. పల్లెలో వాటి బరువు వేరు. మాదిగ ఆదివారం పనికి రానంటే కోతల కాలంలో ఆసామికి నష్టం, పాలేరుకు దెబ్బలు. చచ్చిన పశువు మాంసం వద్దంటే ఊరు తరతరాలుగా అతనికి కట్టబెట్టిన స్థానాన్ని కాదన్నట్టు. విగ్రహాలకు మొక్కను కాబట్టి జాతరలో డప్పు కొట్టనంటే అమ్మవారి ఊరేగింపే కదలదు. డప్పు అతనికి కళ, ఊరికి అతని వెట్టి. రెండూ ఒకే తోలులో బిగిసి ఉన్నాయి. నిరాకరించినవారిని నూతి దగ్గరికి రానివ్వలేదు, పనుల్లోకి పిలవలేదు, తప్పుడు కేసులు పెట్టారు. బైబిలు సత్యానికి నిలబడడం అంటే ఆ మనుషులకు జీతం పోవడం, నీళ్లు పోవడం.

1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. బాప్తిస్మం కోరుతూ జనం గుంపులుగా వచ్చారు. ఆకలితో వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తెలియదని, కరువు పనులు జరిగినంత కాలం ఒక్కరికీ ఇవ్వలేదు. పనులు ముగిసి, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేని రోజుల్లో కూడా వారు వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. దాని వెనకనున్న నెలల నిరాకరణను చెప్పుకునేవారు తక్కువ. వాక్యనిష్ఠకు ఆ అంకె కన్నా ఆ ఆగడమే మంచి సాక్ష్యం.

దోర్నకల్, అజరయ్య

తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తన క్షేత్రంగా నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను ఎంచుకుంది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయన. 1920ల్లో కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలం (డయోసీసు) కిందికి రావడంతో తిరువూరు వైపు పల్లెలు ఆయన తిరిగిన పల్లెలయ్యాయి.

అజరయ్యకు రెండు పట్టుదలలు ఉండేవి, పైకి అవి ఒకదానికొకటి ఎదురు అనిపిస్తాయి. మొదటిది, సంఘం పూర్తిగా ఈ నేలదై ఉండాలి. ఆయన కట్టించిన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయంలో గుళ్ల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు, మీనార్లు క్రైస్తవ ఆలయ ప్రణాళికలో కలిసి నిలిచాయి. 1939 జనవరి 6న దానికి ప్రతిష్ఠ జరిగింది. ప్రకటన పనిలో తెలుగు కీర్తనలు, కథాగానం వాడారు. రెండవది, సంఘం నడవడిలో లోకంతో రాజీ పడకూడదు. తాగుడు, అప్పు చేసి పెళ్లి చేయడం, బాల్యవివాహం, జాతరలో మొక్కులు, అన్నిటికీ మించి మాల మాదిగల మధ్య అంటు, ఇవన్నీ సంఘ క్రమశిక్షణ కిందికి వచ్చాయి. బాప్తిస్మం పొందినవాడు తన తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పౌలు మాటలతో ప్రమాణం చేసే పద్ధతి ఆయన పెట్టించిందే. పేదవాళ్లు కూడా సంఘానికి ఇవ్వాలని ఆయన పట్టుబట్టారు. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టే అలవాటు పల్లె సంఘాల్లో నేటికీ ఉంది.

ఈ రెండు పట్టుదలల మధ్య ఆయనకు వైరుధ్యం కనబడలేదు, నిజానికి వైరుధ్యం లేదు కూడా. గుమ్మటం కట్టడం వాక్యం మీద వచ్చిన రాజీ కాదు. మాల కూర్చున్న చాప మీద మాదిగ కూర్చోలేకపోవడం రాజీ. అంతియొకయలో పేతురు అన్యుల బల్ల నుంచి లేచిపోయినప్పుడు పౌలు అందరి ఎదుట నిలదీసిన వృత్తాంతం గలతీ పత్రికలో ఉంది. అక్కడ పౌలు దాన్ని మర్యాద లోపం అనలేదు, సువార్త సత్యానికే విరుద్ధం అన్నాడు. కలిసి తినడాన్ని సత్యం పద్దులో వేసిన ఆ అధ్యాయం తెలుగు సంఘాల్లో చదవవలసినంతగా చదవలేదు.

రాజకీయాల్లోనూ ఆయన గీత గీశారు. 1930ల్లో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించారు. సంఘం ఓట్ల కోసం కట్టిన మరో కులమైపోతుందని ఆయన భయం. మరోపక్క దళితుల మతాంతరీకరణ మీద గాంధీజీ ఆక్షేపణలకు తలొగ్గలేదు. పల్లెల్లో బాప్తిస్మాలు కొనసాగాయి. అమెరికన్ మెథడిస్టు వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక ఉద్యమాల అధ్యయనంలో దోర్నకల్ అధ్యక్ష మండలంలోని విద్యానగర్ ప్రాంతం కూడా ఉంది. ఏ ఉద్దేశంతో వచ్చారన్నదాని కంటే వచ్చాక ఎలాంటి బోధ అందిందన్నదే మనుషుల జీవితాన్ని నిర్ణయించిందని ఆ అధ్యయనం తేల్చింది. అజరయ్య 1945 జనవరి 1న మరణించారు. 1919లో తరంగంబాడి సమావేశంతో ఆయన ముందుకు తెచ్చిన ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపం దాల్చింది. ఆయన దాన్ని చూడలేదు.

దేన్ని ఉంచుకోవాలి

పాట విషయంలో తెలుగు సంఘాలు ఎక్కువ వెనకాడలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి రాగతాళాలతో రాసిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకానికి వెన్నెముక. విగ్రహారాధనను ఖండిస్తూ ఘాటైన రచనలు చేసిన మనిషే, తాను పెరిగిన సంగీత సాహిత్యాలను చేతిలో పట్టుకునే సంఘంలోకి వచ్చాడు. ఆ పాటలు లేకపోతే తెలుగు క్రైస్తవులు అనువాద బాణీల్లోనే ఉండిపోయేవారు.

సాహిత్యంలో మాత్రం అంత తేలిక కాలేదు. పురాణేతివృత్తాలతో కావ్యాలు రాసినందుకు గుర్రం జాషువా తన సంఘపెద్దల కోపం చవిచూశారు, అవతలి వైపు పండిత సభల్లో కులం పేరుతో అవమానాలు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. క్రీస్తును అచ్చతెలుగు పద్యంలో నిలబెట్టిన కవిని అనుమానంగా చూసిన సంఘాలు తమకే నష్టం చేసుకున్నాయి.

ఇంటి ఆచారాల్లో సంఘానికో తీరు. తాళి కట్టడాన్ని లూథరన్, దక్షిణ ఇండియా సంఘాల్లో చాలాచోట్ల శిలువ గుర్తు చేర్చి ఉంచుకున్నారు. సోదర (బ్రదరన్) సంఘాల్లో, పెంతెకోస్తు సంఘాల్లో అనేకం నగలను, పూలను కూడా వద్దంటాయి. బొట్టు పెట్టుకోని క్రైస్తవ స్త్రీని ఊళ్లో ఇట్టే గుర్తుపడతారు. ఆ గుర్తింపు కొందరికి సాక్ష్యం, కొందరికి ఉద్యోగంలో, అద్దె ఇంట్లో ఎదురయ్యే చిక్కు. ప్రసాదం విషయంలో అందరూ చదివేది కొరింథీ పత్రికలోని ఆ రెండు మూడు అధ్యాయాలే. విగ్రహం ఒట్టిదే కాబట్టి తిండి తిండే అన్న వాక్యం, బలహీనుడైన సహోదరుణ్ణి తొట్రుపరచవద్దన్న వాక్యం, దయ్యాల బల్లలో పాలు పుచ్చుకోవద్దన్న వాక్యం మూడూ అక్కడే ఉన్నాయి. పొరుగింటివాళ్లు ఆప్యాయంగా ఇచ్చింది గౌరవంగా అందుకుని నోట పెట్టకుండా పక్కన ఉంచే పద్ధతి చాలా ఇళ్లలో స్థిరపడింది. పొరుగువారి మనసు నొప్పించకుండా, తన మనస్సాక్షిని చంపుకోకుండా పల్లె విశ్వాసులు కనిపెట్టిన దారి ఇది.

పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ అధ్యక్ష మండలంలోని జంగారాయి ప్రాంత సంఘాలను పరిశీలించి 1968లో ప్రచురించిన పుస్తకం ఈ విషయంలో నేటికీ సాటిలేనిది. పల్లె క్రైస్తవులు పాటల ద్వారా విశ్వాసాన్ని నిలుపుకున్న తీరును, అదే సమయంలో ఊరి పండగల్లో, అమ్మవారి కొలుపుల్లో ఏదో మేరకు పాల్గొంటూ వచ్చిన తీరును రచయితలు దాచకుండా రాశారు. జబ్బు చేసిన బిడ్డను ఎత్తుకున్న తల్లి ఏ గుమ్మం ముందు నిలబడుతుందన్నది పుస్తకంలో తేలే ప్రశ్న కాదు. ఆమెను మందలించడానికి ముందు సంఘం ఆ రాత్రి ఆమె పక్కన ఉందా అని అడగాలి.

క్యాథలిక్కుల దారి ఇంకోటి. భారతీయ ఆచారాలను పూజలోకి తెచ్చే ప్రయత్నాన్ని రోము 18వ శతాబ్దిలో కట్టడి చేసింది. రెండవ వాటికన్ సభ తర్వాత, 1969లో, నేల మీద కూర్చోవడం, నమస్కారం, హారతి వంటి పన్నెండు అంశాలకు అనుమతి వచ్చింది. విజయవాడ గుణదలలో 1924లో మొదలైన మరియమాత క్షేత్రానికి ఏటా ఫిబ్రవరి 11 నాటి ఉత్సవానికి లక్షల మంది వస్తారు. తలనీలాలు ఇచ్చేవారూ ఉంటారు. ప్రొటెస్టంట్ సంఘాలు దీన్ని లోకాచారం అంటాయి. జనం భక్తికి తెలిసిన భాష అదేనని గుణదల అంటుంది.

అన్నిటికన్నా కష్టమైన సవాలు మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు (1912-1981) విసిరారు. బడిపంతులైన ఆయనకు 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పుకున్నారు. స్వస్థత ప్రార్థనల కోసం వేలమంది ఆయన దగ్గరికి వచ్చారు. కానీ బాప్తిస్మాన్ని, సంఘ సభ్యత్వాన్ని ఆయన అక్కర్లేదన్నారు. క్రైస్తవులు క్రీస్తును వదిలి సంస్కారాలను పూజిస్తున్నారని ఆయన ఆరోపణ. డేనిష్ పండితుడు కై బాగో ఆయన మీద 1968లో పుస్తకం రాశాడు. విమర్శలో పదును ఉంది, కాదనలేం. అయినా ఈ దారిలో ఒక గుంట ఉంది. బాప్తిస్మం లేకపోతే ఎవరూ కులం గడప దాటనక్కర్లేదు, మాదిగతో ఒకే రొట్టె విరవనక్కర్లేదు. బాప్తిస్మం కేవలం ఆచారమైతే వదిలేయవచ్చు. అది ఎవరెవరిని ఒకే కుటుంబం చేస్తుందో చూసినప్పుడు, దాన్ని అంత తేలిగ్గా తీసేయడం కుదరదు.

గ్రంథం ఒక్కటే, సంఘాలు అనేకం

పంజాబ్‌కు చెందిన భక్త సింగ్ (1903-2000) 1941లో మద్రాసులో మొదలుపెట్టి, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా నడిపిన సంఘాలు విదేశీ సంస్థల పేర్లు, జీతాలు, శ్రేణులు లేకుండా కేవలం కొత్త నిబంధన నమూనాలో ఉండాలని ప్రయత్నించాయి. చాప మీద కూర్చోవడం, అందరూ కలిసి తినే ప్రేమవిందులు, పరిశుద్ధ సమాజ కూడికలు ఆ సంఘాల ఆనవాళ్లు. అక్షరాలా వాక్యానికి కట్టుబడాలన్నవారే ఈ నేల పద్ధతులకు అందరికన్నా దగ్గరగా వచ్చారు. 1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసు అయ్యగారు ప్రారంభించిన బైబిలు మిషను దైవసన్నిధి, దర్శనాలు, స్వస్థత మీద నిలిచింది. ఇప్పుడు తిరువూరు లాంటి చిన్న పట్టణంలో కూడా ఒకే వీధిలో మూడు నాలుగు వేర్వేరు మందిరాలు కనబడతాయి. ప్రతిదానికీ తన బోధే వాక్యానుసారం.

స్త్రీల పరిచర్యపై అదే గ్రంథం నుంచి రెండు విరుద్ధ నిర్ణయాలు వచ్చాయి. దక్షిణ ఇండియా సంఘం 1970ల్లోనే స్త్రీలకు గురుత్వ అభిషేకం మొదలుపెట్టింది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు, ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్. సోదర సంఘాలు స్త్రీ సభలో బోధించడాన్ని అంగీకరించవు. అయితే పల్లెల్లో వాక్యాన్ని ఇంటింటికీ మోసింది బైబిలు స్త్రీలేనన్న చరిత్రను రెండు పక్షాలూ కాదనలేవు.

టీవీలు, ఫోన్లు వచ్చాక కొత్త ఒత్తిడి ఒకటి వచ్చింది. కానుక వేస్తే అప్పు తీరుతుందని, నూనె రాస్తే రోగం పోతుందని బేరంలా చెప్పే బోధ ఇంట్లోకే వస్తోంది. ఇది బయటి సంస్కృతికి లొంగడమే, కాకపోతే బైబిలు మాటలు తొడుక్కుని వస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. ఎరువు దుకాణంలో అప్పున్న మెట్ట రైతుకూలీకి అలాంటి మాట చెప్పడం క్రూరత్వం.

కానుకకు బేరం కాని అర్థం కూడా తెలుగు సంఘాలకు తెలుసు. తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, ఒప్పంద కూలీలుగా వెళ్లిన తమవారి మధ్యకు పంపారు. కియర్స్‌నీ తోటల్లో ఆ ఏడే సంఘం ఏర్పడింది. విదేశీ సొమ్ముతో కాక, తమ పేద సంఘాల కానుకలతో పంపిన మిషనరీ ఆయన.

కులం, కాగితం

1971 జనగణనలో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4.19 శాతం. 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో మందిరాల సంఖ్య తగ్గలేదు, కళ్ల ముందే పెరిగింది. తగ్గింది కాగితం మీద. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవుడినని రాసిన మాల మాదిగలకు రాష్ట్రంలో మిగిలేది వెనుకబడిన తరగతుల్లోని సి గ్రూపు, దానికి ఒక శాతం రిజర్వేషన్. 1977లో రాష్ట్ర ప్రభుత్వం చట్టబద్ధం కాని కొన్ని ఆర్థిక సదుపాయాలను వారికి ఇచ్చింది గాని, ఉద్యోగం, ఎన్నికల స్థానం, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం రక్షణ దాని పరిధిలోకి రావు.

ఇక్కడ సంఘం సత్యనిష్ఠ తన బిడ్డల చదువుతోనూ కూడుతోనూ ఢీకొంటుంది. ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పే మనిషి సోమవారం తహసీల్దారు కార్యాలయంలో హిందువునని రాయాలి, లేకపోతే కూతురి మెడికల్ సీటు పోతుంది. బయటివారు దీన్ని మోసం అంటారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో దాదాపు ఆ మాటే అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారు అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని తీర్పిచ్చింది. కానీ బాప్తిస్మం తర్వాత ఊరు అతన్ని అంటరానివాడిగా చూడడం మానిందా? 1985లో కారంచేడులో మాదిగలను, 1991లో చుండూరులో మాలలను చంపినవారు మతం అడగలేదు. చనిపోయినవారిలో క్రైస్తవ కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. చట్టం మనిషిని రెండు సత్యాల మధ్య నిలబెట్టి ఒకటే చెప్పమంటోంది: నువ్వు విశ్వాసివా, పీడితుడివా? అతను రెండూ.

అయినా సంఘం ఆ ఒత్తిడి వెనక దాక్కోకూడదు. నిజం చెప్పడం తొమ్మిదో ఆజ్ఞ. ధర పెద్దదైనప్పుడు కూడా క్రైస్తవుడినని రాసి, నష్టాన్ని మోసిన కుటుంబాలు తెలుగు పల్లెల్లో ఉన్నాయి. వాళ్లను సంఘాలు పొగుడుతాయి గాని, పోయిన సీటుకు బదులు ఫీజు కట్టిన సంఘాలు అరుదు. 2009లోనూ, 2023 మార్చిలోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని తీర్మానించింది. కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను ఈ ప్రశ్న మీదే వేసింది.

బయట న్యాయం అడిగే సంఘం లోపల ఎలా ఉందన్నది వేరే లెక్క. కె. విల్సన్ 1982లో రాసిన పుస్తకం దళిత క్రైస్తవులను రెండుసార్లు పరాయివారైనవారిగా చూపింది, సమాజంలో ఒకసారి, సంఘంలో ఇంకోసారి. అనేక ఊళ్లలో మాలల సంఘం, మాదిగల సంఘం నేటికీ వేర్వేరు. సమాధుల దొడ్లూ వేరే. అగ్రకులాల నుంచి వచ్చిన క్రైస్తవుల పెళ్లి ప్రకటనల్లో కులం పేరు విశ్వాసం పక్కనే ఉంటుంది. పాస్టర్ల నియామకాల్లో, అధ్యక్ష మండలి ఎన్నికల్లో ఓట్లు కులం వారీగా చీలతాయి. పెళ్లిలో బొట్టు పెట్టుకున్న అమ్మాయిని సంస్కారపు బల్ల నుంచి కొన్నాళ్లు ఆపిన పెద్దలు, కులం చూసి సంబంధం తోసిపుచ్చిన తండ్రిని ఆపిన దాఖలాలు వెతికినా దొరకవు. ఒంగోలులో ఒకప్పుడు బడిని ఖాళీ చేయించిన ఆ కొరింథీ అధ్యాయం ఈ సంఘాలన్నిటి బైబిళ్లలోనూ ఉంది. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట పల్లెల్లో కులాంతర వివాహం చేసుకున్న క్రైస్తవ యువ జంటలు తమ పెళ్లి జరిపించే పాస్టరు కోసం ఊరూరా తిరగకుండా ఉంటే, ఆ అధ్యాయం చదివినట్టు లెక్క.